మూడో శేషం

ఫిబ్రవరి తొమ్మిది. ఆ పొద్దున భార్యాభర్తలిద్దరూ తిన్నది ఒక వైపు మాడిన బ్రెడ్డు ముక్కలు, గట్టిగా ఉడికిపోయిన గుడ్లు, చెరి సగం ఒక నారింజ. తొక్క ఆమే తీసింది, ఎక్కడా తెగకుండా ఒకే చుట్టగా. తీసి, ఆ చుట్టను మళ్ళీ కాయలా సర్ది కంప్యూటరు పక్కన నిలబెట్టింది. చేతులు తుడుచుకుని ఒక మీట నొక్కి, ఇక దాని తంటాలు అది పడుతుందిలెండి అని టీ పెట్టడానికి లేచింది. ఇవన్నీ అతనికి గుర్తున్నాయి. పచ్చసొన చుట్టూ పట్టిన ఆకుపచ్చ గీత కూడా గుర్తుంది. గుర్తులేనిది ఆ పొద్దున తనకు ఎలా అనిపించిందన్నది. ఉండే ఉంటుంది ఏదో ఒకటి. టీ కప్పు వేడిగా ఉందనో, బస్సుకు ఆలస్యమవుతోందనో, ఆమె మెడ సన్నబడిందనో. పన్ను పీకేముందు డాక్టరు ఇచ్చే సూదిమందు ఎక్కాక వేలితో నొక్కుకుంటే చెంప ఉంటుంది, తనది మాత్రం కాదు. జ్ఞాపకాలు ఇప్పుడు అలా ఉన్నాయి. నొక్కితే ఉన్నాయి.

ఇప్పుడు అదే గది, అదే ఎత్తుపీట, వేరే కంప్యూటరు. బయట ఇంకా వెలుగు పోలేదు. తెర మీద ఎంత శాతం అయిందో చూపే వరస తొంభై తొమ్మిది దాటింది, చుక్క తర్వాత కూడా తొమ్మిదులే. గంటలోపు పూర్తవుతుందని పక్కనే రాసి ఉంది. పూర్తయ్యాక పదహారు గుర్తులు వస్తాయి, అంకెలూ అక్షరాలూ కలిసి. అవి బల్ల మీది రెండు చీటీల్లో ఒకదానితో కలవాలి. ఎడమ చీటీ ఆమెది. కుడి చీటీ పావురానిది, అదే లెక్కను ఇంకెక్కడో చేసిన మనిషిది. ఎడమదానితో కలిస్తే ఆమె చేసిన ఆఖరి పని సరిగ్గా చేసినట్టు. కుడిదానితో కలిస్తే తప్పు చేసినట్టు. లోకంలో ఇలాంటి సంఖ్యల వెంట పడేవాళ్ళందరూ చూసే ఆ పట్టికలో ఆమె వరస మీద సన్నని గీత పడుతుంది. గీత పడితే ఎవరి కొంపా మునగదు. తనకు కూడా ఏమీ అనిపించదేమోనన్నదే అతని బెంగ, బెంగ అనదగ్గది ఏదైనా ఉంటే. మొన్న వదిన తన చెల్లెలి చీరలు మడతపెట్టి సంచిలో వేస్తుంటే అతను పక్కన నిలబడి సంచి మూతి పట్టుకున్నాడు, అంగడిలో బియ్యానికి పట్టినట్టు.

ఆ లెక్కలో ఆమె పరీక్షించిన సంఖ్యకు తను పెట్టిన పేరు మొండిఘటం. రెండును రెండుతో గుణిస్తూ పోవాలి, ఎనిమిది కోట్ల పైచిలుకు సార్లు. వచ్చినదాంట్లోంచి ఒకటి తీసెయ్యాలి. చెప్పడానికి ఒక్క మాట, రాయడానికి రెండున్నర కోట్ల అంకెలు. అతను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే మనిషి, ఎంత పెద్ద సంగతి విన్నా ముందు పేజీల్లోకి మార్చుకుంటాడు. పేజీకి మూడువేల అంకెలు కిక్కిరిసేలా వేసినా ఐదువందల పేజీల సంపుటాలు పదిహేడు అవుతాయని ఆ రోజే లెక్కగట్టాడు. ప్రూఫు ఎవరు చూడాలి అన్నాడు. ఆమె నవ్వింది. యంత్రం తనకోసం రాసుకునే పద్ధతిలో సున్నా, ఒకటి తప్ప వేరే అంకె ఉండదట. ఆ రాతలో మొండిఘటం మొత్తం ఒకట్లేనట, ఎనిమిది కోట్ల ఒకట్లు వరసగా, మధ్యలో ఒక్క సున్నా కూడా లేకుండా. అందులోంచి ఒకటి ఎగిరిపోతే ఎలా తెలుస్తుందని అడిగాడు. తెలీదు, అందుకే మీ ప్రెస్సువాళ్ళెవరూ దాన్ని ముట్టుకోకండి అంది. తర్వాత చాలాకాలం బస్సులో వెళ్తుంటే అతనికి ఆ పుస్తకం కనిపించేది, పేజీ తిప్పితే ఒకట్లు, మళ్ళీ తిప్పితే ఒకట్లు, వానలో నిలబడ్డ జనంలా. ఇప్పుడు తలుచుకుంటే వాన లేదు, జనమూ లేరు, గీతలున్నాయి.

అది ప్రధాన సంఖ్య అవునా కాదా, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంకెవరితోనూ తెగని రకమా కాదా, అదీ ఆమె తేల్చాలనుకున్నది. అంత పెద్దదాన్ని ఒక్కో సంఖ్యతో భాగించి చూస్తూ కూర్చుంటే సూర్యుడు ఆరిపోతాడు. దానికొక దొడ్డిదారి ఉంది, ఈ జాతి సంఖ్యలకు మాత్రమే పనికొచ్చేది. నాలుగుతో మొదలుపెట్టాలి. వర్గం చెయ్యాలి, రెండు తియ్యాలి. వచ్చినదాన్ని మన సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకోవాలి. ఆ శేషాన్ని మళ్ళీ వర్గం చెయ్యాలి, రెండు తియ్యాలి. రెండును ఎన్నిసార్లు గుణించామో దానికి రెండు తక్కువగా ఇలా తిప్పాలి. చివరికి సున్నా మిగిలితే ప్రధాన సంఖ్య. ఇంకేం మిగిలినా కాదు. అతనికి ఇది నేర్పింది ముప్పై ఒకటి మీద, అది ఐదు రెండ్లు గుణించి ఒకటి తీస్తే వచ్చేది, తిప్పాల్సింది మూడుసార్లు. నాలుగు వర్గంలోంచి రెండు తీస్తే పద్నాలుగు. పద్నాలుగు వర్గంలోంచి రెండు తీస్తే నూట తొంభై నాలుగు, ముప్పై ఒకటి ఆర్లు నూట ఎనభై ఆరు పోతే ఎనిమిది. ఎనిమిది వర్గంలోంచి రెండు తీస్తే అరవై రెండు, అది సరిగ్గా ముప్పై ఒకటికి రెట్టింపు, మిగిలింది సున్నా. ఆస్పత్రి వరండాలో ఇనప కుర్చీ మీద అతను దీన్ని ఎన్నిసార్లు చేశాడో. నాలుగు, పద్నాలుగు, ఎనిమిది, సున్నా. తలుపు తెరుచుకుంటే లేచేవాడు, ఎవరో వేరేవాళ్ళ చీటీ చదివేవాళ్ళు, కూర్చుని మళ్ళీ నాలుగు. వార్డులో నేల తుడిచే ఆవిడ ఒకరోజు ఆమె మంచాన్ని ఎవరూ అడగకుండానే జానెడు పక్కకు జరిపింది, పొద్దున ఎండ కళ్ళలో పడుతోందని. జరిపి, తన బకెట్టు తను తీసుకుని వెళ్ళిపోయింది. ఆ జానెడు అతనికి ఇప్పటికీ కనిపిస్తుంది, మంచం కోళ్ళు ముందున్న చోట నేల మీద మిగిలిన నాలుగు తెల్లని గుండ్రాలు. అప్పుడు కూడా ఏడుపు రాలేదు. మంచిపని అనుకున్నాడు, ప్రూఫులో సరైన వాక్యం కింద నుంచి కన్ను పోనిచ్చినట్టు.

ముప్పై ఒకటి మంచిపిల్ల, అడగ్గానే సున్నా చూపిస్తుంది అనేది ఆమె. బళ్ళో లెక్కల టీచరు, ఏ సంఖ్య గురించి మాట్లాడినా తరగతిలో పిల్లల గురించి మాట్లాడినట్టే ఉండేది. రెండువేల నలభై ఏడు అలా కాదట. అదీ ఈ జాతిదే, రెండును పదకొండుసార్లు వేసి గుణించి ఒకటి తీస్తే వచ్చేది. దాన్ని అదే పద్ధతిలో తిప్పితే ఆఖరున పదిహేడు వందల ముప్పై ఆరు మిగులుతుంది. సున్నా కాదు, కాబట్టి అది విరుగుతుంది. ఎక్కడ విరుగుతుంది అని అడిగితే ఆ పదిహేడు వందల ముప్పై ఆరు నోరు విప్పదు. ఇరవై మూడు, ఎనభై తొమ్మిది అని మనం వేరే దారిన వెతుక్కోవాల్సిందే. అతనికి అది నచ్చలేదు. విరిగిందని తెలిశాక ఎక్కడో తెలియకపోవడమేమిటన్నాడు. ఆమె చాక్‌పీసు దులుపుకున్నట్టు వేళ్ళు దులుపుకుని, ఇంకో సంగతి వినండి, విరిగిన ముక్కలు కూడా ఊరికే ఉండవు, ఇరవై రెండు ఒకట్లకు ఒకటి కలిపితే ఇరవై మూడు, ఇరవై రెండు నాలుగులకు ఒకటి కలిపితే ఎనభై తొమ్మిది, ఆ ఇరవై రెండేమో పదకొండుకి రెట్టింపు, చూశారా, ముక్కలైనా ఇంటిపేరు పోదు అంది. అప్పుడు వాళ్ళు వంటింట్లో ఉన్నారు. కుక్కరు కూత వేసింది. ఆమె మాట ఆపి స్టవ్ కట్టేసి మళ్ళీ అక్కణ్ణించే అందుకుంది. కూత ముందు ఏ పదం దగ్గర ఆగిందో సరిగ్గా ఆ పదం దగ్గర. ఏ పదం? అతను ఇప్పుడు వెతికాడు. దొరకలేదు. తెర మీద ఇంకో తొమ్మిది మారి ఇంకో తొమ్మిది వచ్చింది.

మొండిఘటం పరీక్ష ఆమె ఇంటికొచ్చేసి మంచం పట్టిన నెలల్లో ముగిసింది. కంప్యూటరును బల్ల దగ్గర్నుంచి మంచం పక్కకే జరిపించుకుంది. మిగిలింది సున్నా కాదు. అంటే ప్రధాన సంఖ్య కాదు. ఆమె ఏమీ నొచ్చుకోలేదు, నూటికి తొంభై తొమ్మిది అంతే అవుతాయి, కాదని తేల్చడమూ పనేగా అంది. ఆ శేషంలో ఆఖరి పదహారు గుర్తులూ పట్టికలోకి పంపింది, తన పేరుతో కాదు, అక్కడ ఆమె పెట్టుకున్న మారుపేరు రెండోబెంచీ. చిన్నప్పుడు ఆమె కూర్చున్న బెంచీ అది. పంపాక అలసిపోయి పడుకుని, కాసేపటికి కళ్ళు తెరవకుండానే, "తప్పుండదు కదండీ," అంది. అతను ఉండదన్నాడు. అప్పుడు అతని చేతిలో మందుసీసా ఉంది, మూత ఏ వైపు తిప్పితే వస్తుందో చూస్తున్నాడు. అది ఆమె ఆ సంఖ్య గురించి అన్న ఆఖరి మాట. తర్వాత అన్నవన్నీ నీళ్ళ గురించీ, దిండు గురించీ, కిటికీ గురించీ.

ఆ లోకంలో ఒక పద్ధతి ఉంది. ఎవరి లెక్కనూ ఒక్కరి మాట మీద నమ్మరు. ముక్కూ మొహం తెలియని ఇంకొకరు, ఇంకో ఊళ్ళో, ఇంకో యంత్రం మీద అదే లెక్కను మొదటి నుంచీ చేస్తారు. ఆఖరి గుర్తులు రెండూ కలిస్తేనే అది ఖాయం. ప్రెస్సులోనూ అంతే, రాసినవాడు తన ప్రూఫు తను చూడకూడదు, తన తప్పు తన కంటికి ఒప్పుగానే కనిపిస్తుంది. ఆమె పోయిన రెండో నెలలో ఆమె పేరున ఒక ఉత్తరం వచ్చింది, తెర మీదే. రాసింది పావురం అన్న మారుపేరు మనిషి. ఆడో మగో, ఏ దేశమో తెలియదు. రెండోబెంచీ గారికి నమస్కారం, మీదీ నాదీ కలవడం లేదు, బహుశా నాదే తప్పయి ఉంటుంది, నా యంత్రం ముసలిది, ఇంకొకరు చూస్తే బాగుంటుంది అని ఉంది అందులో. అతను దాన్ని మూడు రోజులు అలాగే ఉంచి, రెండోబెంచీ లేదని జవాబు రాశాడు. ఎలా లేదో కూడా ఒక్క వాక్యంలో రాశాడు. వాక్యం సరిగ్గా ఉందా అని పైనుంచి కిందికి ఒకసారి, కింద నుంచి పైకి ఒకసారి చదివాడు. పావురం వెంటనే ఏమీ రాయలేదు. రెండు రోజులు ఆగి రాసింది. పెద్ద ఓదార్పు ఏమీ లేదు, ఆవిడ లెక్కలు కొన్ని నేను చూశాను, శుభ్రంగా ఉంటాయి అని మాత్రం. ఆ ఆగిన రెండు రోజులు అతనికి నచ్చాయి. మూడోసారి నేనే తిప్పవచ్చా, ఇంట్లోవాణ్ణి కదా, చెల్లుతుందా అని అడిగాడు. చెల్లుతుంది, సంఖ్యకు చుట్టరికాలు తెలియవు అని వచ్చింది జవాబు. ఒకవేళ మూడోసారి సున్నా వస్తే అన్నాడు. అప్పుడు మేమిద్దరం గోడకుర్చీ వెయ్యాలి అంది పావురం.

ఆమె కంప్యూటరు మీద చెయ్యబుద్ధి కాలేదు. దాని మీద అనుమానం ఉన్నప్పుడు దాన్నే సాక్ష్యం అడగకూడదు కదా. ప్రెస్సులో మూలన పడి ఉన్న పాతపెట్టె ఒకటి మేనేజరు తీసుకుపొమ్మన్నాడు, తనే ఆటోలోకి ఎత్తించాడు కూడా, అద్దం పగలకుండా తన చొక్కా మడిచి పెట్టి. ఆ చొక్కా వెనక్కి ఇవ్వలేదని అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది. పాతపెట్టెకు నడక తక్కువ. వేసవి వెళ్ళిపోయింది, వానలు వెళ్ళిపోయాయి. కరెంటు పోయినప్పుడల్లా ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి మళ్ళీ అందుకునేది. ఎనిమిది కోట్ల మలుపుల్లో ఎక్కడైనా, ఏ మలుపులోనైనా, రెండున్నర కోట్ల అంకెల్లో ఒక్కటి జారితే చాలు, దాని తర్వాతివన్నీ తప్పు. తప్పు తర్వాత కూడా యంత్రం అంతే శ్రద్ధగా వర్గాలు చేస్తూ, రెండేసి తీస్తూ పోతుంది. ఆఖరున వచ్చే పదహారు గుర్తులు ఒప్పు ఎంత నిబ్బరంగా ఉంటుందో అంత నిబ్బరంగానే ఉంటాయి. ఎక్కడ జారిందో ఎవరూ చెప్పలేరు. అతను పొద్దున లేస్తున్నాడు, గడ్డం గీసుకుంటున్నాడు, ప్రెస్సుకు వెళ్తున్నాడు, తప్పులు పట్టుకుంటున్నాడు. ఎవరైనా చూస్తే నిబ్బరంగా ఉన్నాడనే అనుకుంటారు.

వదిన మాత్రం అనుకోదు. భార్యకు అక్క, కింది వాటాలో ఉంటుంది, బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మెడలో కొలతల టేపు నిద్రలో కూడా తియ్యదేమోనని చెల్లెలు ఏడిపించేది. చెల్లెలికి ఒంట్లో బాగాలేనన్నాళ్ళూ, అప్పట్లో అతనికి మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా డ్యూటీ కాబట్టి, సాయంత్రాలన్నీ ఈ గదిలోనే కూర్చుని గుండీలు కుట్టింది. ఇప్పుడు రోజూ చీకటి పడే వేళకు పళ్ళెం పట్టుకుని మెట్లెక్కి వస్తుంది. వచ్చి, అతను తినేదాకా కూర్చుని, తినకపోతే మాటలతో పొడుస్తుంది. మరిదీ, ఆ పెట్టె ముందు అలా కూర్చుంటే కోడి పొదుగుతున్నట్టుంది, పిల్లలెప్పుడు అని నిన్న అడిగింది. రేపు అన్నాడు. ఆవిడ నవ్వలేదు. అతని చొక్కా భుజం దగ్గర పట్టుకుని చూసి, రెండంగుళాలు తగ్గావు అంది. చీటీల సంగతి ఆవిడకు చెప్పలేదు. చెల్లెలి లెక్క తప్పో ఒప్పో తేలబోతోందని ఆవిడతో అనడానికి మాట కుదరలేదు. కుదరలేదంటే, ప్రయత్నించలేదు.

కిటికీలో వెలుగు పలచబడింది. ఎదురింట్లో ఎవరో దీపం వేసి, మరచిపోయినట్టు ఆర్పి, మళ్ళీ వేశారు. పాతపెట్టె మంచం పక్కన నేల మీద సన్నగా ఊపిరి తీస్తోంది. మంచం మీద దుప్పటి మడత నలగకుండా ఉంది. అతను హాల్లో సోఫాలో పడుకుంటాడు, ఈ గదిలో పడుకోవడం ఆమె పోయాక జరగలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పడానికి అతని దగ్గర కారణం కూడా లేదు. మొండిఘటం ఆఖరి అంకె ఏడు. అంత మాత్రం కాగితం లేకుండా చెప్పగలడు. రెండును గుణిస్తూ పోతే చివర రెండు, నాలుగు, ఎనిమిది, ఆరు అని తిరుగుతుంటాయి, ఇది ఎనిమిది దగ్గర ఆగింది, ఒకటి తీస్తే ఏడు. మిగిలిన రెండున్నర కోట్ల అంకెల గురించి అతనికి ఏమీ తెలియదు. ముప్పై ఏళ్ళు కలిసి ఉన్న మనిషి గురించి కూడా ఇలా ఏదో ఒక ఆఖరి అంకె తెలిసినట్టుంది. నీళ్ళు చల్లగా వద్దనేది. పెన్ను మూత పళ్ళతో తీసేది. ఇంకా? ఇంకా ఉండాలి. తెర ఒక్కసారి తెల్లగా మారింది, వరస పోయింది, దాని చోట నాలుగు పంక్తులు వచ్చాయి. ప్రధాన సంఖ్య కాదు. కింద పదహారు గుర్తులు.

అతను చూడలేదు. చూపు పక్కకు తిప్పి, లేచి, మెట్ల దగ్గరికి వెళ్ళి వదినను పిలిచాడు. ఒంటరిగా చూస్తే కన్ను తనకు కావలసిందే చదువుతుంది, ఎంతటి ప్రూఫురీడరుకైనా అంతే, అందుకే ప్రెస్సులో ఒకరు పైకి చదువుతారు, ఇంకొకరు కాగితం మీద పోల్చుకుంటారు. అంకెల పట్టికలైతే ఆఖరు నుంచి మొదటికి చదువుతారు, అలవాటైన వరస నోటికి రాకుండా. వదిన చేతిలో సూది అలాగే పట్టుకుని వచ్చింది. ఏం చెయ్యాలో చెప్పాడు, ఎందుకో కూడా రెండు మాటల్లో చెప్పాడు. ఆవిడ అతని మొహంలోకి ఒకసారి చూసింది. సూదిని జాకెట్టు అంచున గుచ్చుకుని, కళ్ళజోడు దించుకుని, ఎత్తుపీట మీద కూర్చుంది. అతను మంచం పట్టె మీద కూర్చుని రెండు చీటీలూ మోకాలి మీద పక్కపక్కన పెట్టుకున్నాడు.

"ఈ చివర నుంచి కదూ," అంది వదిన. "తొమ్మిది."

రెండు చీటీల్లోనూ ఆఖరుది తొమ్మిదే. ఆ రాతలో గుర్తులు పదహారు రకాలే కాబట్టి అలా కలవడం పదహారింట ఒకసారి జరుగుతుందని ఎప్పుడో లెక్క వేసుకున్నాడు. పెన్సిలు రెండింటి మీదా ఆగి ఉంది.

"డి."

కుడి చీటీ. ఎడమదాంట్లో అక్కడ నాలుగు ఉంది. అయిపోయిందని అతనికి తెలిసింది, కానీ ఆపమనలేదు. వదిన కొలతలు చదివే గొంతుతో, ఒక్కొక్కటీ పలికి అతను టిక్కు పెట్టేదాకా ఆగి, మిగిలిన పద్నాలుగూ చదివింది. పద్నాలుగూ కుడి చీటీతో కలిశాయి. పావురం ముసలి యంత్రం ఒక్క చోట కూడా జారలేదు. అతను పెన్సిలు కింద పెట్టాడు. ఏదో వస్తుందని కాసుక్కూర్చున్నవాడిలా తన లోపలికి చూసుకున్నాడు. ఎదురింటి దీపం, తన మోకాలు, చీటీలు.

"కలిసిందా?"

"కలిసింది వదినా. తనదానితో కాదు."

వదిన కళ్ళజోడు తీసింది. కాసేపు తెరనే చూసింది, కుడుతున్న బట్ట మీద కొలత తప్పిందని ఎవరో అంటే ఒప్పుకోవాలా వద్దా అని చూసినట్టు. తర్వాత, నిదానంగా, చెల్లి తన పెట్టెతో ఏం చేసేదో నీకు తెలుసా అని అడిగింది. అతను తెలియదన్నాడు.

"కాళ్ళు చల్లబడిపోయేవి మరిదీ దానికి. రెండు జతల మేజోళ్ళు వేసినా ఆగేది కాదు. వేడినీళ్ళ సంచి పెడతానంటే, ఎందుకక్కా, పక్కన పొయ్యి ఉంది కదా అనేది. ఆ పెట్టెని మంచానికి ఆనించి జరపమనేది. జరిపితే, దాని వీపుకి అరికాళ్ళు ఆనించుకుని, పైన దుప్పటి కప్పించుకునేది. మా ఇద్దరి పని అదే సాయంత్రాలు. నువ్వొచ్చే వేళకి వెనక్కి లాగమనేది, గాలి తగలకపోతే పాడైపోతుందని నువ్వు దాని మీద కాగితం అంటించావట కదా. చూస్తే ఊరుకోరు అక్కా, ప్రెస్సు మనిషి అనేది." ఆవిడ టేపు కొసను వేలికి చుట్టుకుంది. "వేడెక్కి నీ లెక్క చెడిపోతుందేమోనే అన్నాను ఒకసారి. చెడితే ఇంకొకళ్ళు చేస్తారులే, చలి నాకొక్కదానికే కదా అంది. అని, నిద్రపోయింది. ఆ పూటలు బాగానే నిద్రపోయేది."

అతను వింటున్నాడు. కాగితం గుర్తొచ్చింది, జానెడు దూరంలో ఏ వస్తువూ ఉంచరాదు అని లావు అక్షరాలతో, చివర చుక్కతో సహా. ఆ సాయంత్రాల్లో ఏదో ఒక మలుపులో, ఆమె పాదాలు వెచ్చబడుతున్నప్పుడు, దుప్పటి కింద ఎక్కడో ఒక అంకె జారి ఉంటుంది. అక్కణ్ణించి అన్నీ తప్పే, నిద్రపోతున్న మనిషి పాదాల దగ్గర వరసగా, శ్రద్ధగా. తప్పుండదు కదండీ అని అడిగింది కూడా, తెలిసే. అతను నవ్వాడు. నవ్వు అనదగ్గంత కాదు, ముక్కులోంచి ఒక ఊపిరి ఎక్కువగా వచ్చింది, అంతే, అయినా వదిన తల తిప్పి చూసింది. నీకు అన్నం తెస్తాను, ఇక్కడే తిందువుగాని అని లేచి మెట్లు దిగింది.

అతను ఫలితం పంపాడు. పదహారు గుర్తులూ మళ్ళీ రెండుసార్లు సరిచూశాడు. రెండోబెంచీ వరస మీద గీత పడింది, అనుకున్నంత సన్నగానే. పక్కన చిన్న గడి వచ్చింది, పొరపాటుకు కారణం తెలిస్తే రాయవచ్చునని, తప్పనిసరి కాదని. యంత్రం వేడెక్కడం వల్ల అని రాశాడు. చదువుకుని, యంత్రం కొట్టేసి, వెచ్చదనం అని పెట్టి, అది కూడా కారణమే కదా అని అలాగే వదిలేశాడు. మొండిఘటం విరుగుతుందని ఇప్పుడు ఖాయం. ఏ ముక్కలుగా అన్నది ఇప్పటికీ ఎవరికీ తెలియదు, వాళ్ళ పిల్లల పిల్లలకు తెలుస్తుందో లేదో. పాతపెట్టె పని లేక ఊపిరి తగ్గించుకుంది. వాలితే తప్ప అతని వీపు నిలబడేలా లేదు. అతను మంచం మీద ఆమె పడుకునే వైపే తల పెట్టి పడుకున్నాడు, దుప్పటి మడత కూడా విప్పకుండా. మోకాళ్ళు చాపి, పక్కకు జరిపి, అరికాళ్ళు పెట్టె వీపుకి ఆనించాడు. ముందు ఇనుము తెలిసింది. తర్వాత మెల్లగా, మడమల దగ్గర మొదలై, ఇంకేదో తెలిసింది. అది పైకి రావడానికి చాలాసేపు పడుతుంది కాబోలు. రానీ అనుకున్నాడు, కళ్ళు మూసుకుని.

మెట్ల మీద వదిన అడుగులు విన్నాడు. పళ్ళెం బల్ల మీద పెట్టిన చప్పుడు, దాని మీద మరో పళ్ళెం బోర్లించిన చప్పుడు విన్నాడు. ఆవిడ దుప్పటి విప్పి, అతని మీద కప్పి, కొసను పాదాల మీదుగా లాగి, పెట్టెను కూడా కలిపి కప్పింది. దీపం ఆర్పింది. గడియ చప్పుడు కాకుండా ఒక చేత్తో పట్టుకుని, తలుపు దగ్గరికి వేసింది.